తేలిక రైఫిలు గురి ఎంత?

 

చెనిక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయ గట్టిపడే వేళకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో గుట్టల అంచున ఉన్న ఏ పల్లెకు పోయినా ఒకటే మొర. "పందులు పడి చేను దున్నేసినాయి సార్!" అంటారు. అవి తిన్నది కొంత, పెళ్లగించి పారేసింది అంతకు మించి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన మీద పండించిన పంట రాత్రికి రాత్రి పోతే ఎవరికి కడుపు మండదు? అప్పుడు ఎవరో ఒకరు తుపాకి మాట ఎత్తుతారు. "ఫలానా ఆయన దగ్గర తేలిక రైఫిలు ఉందన్నా. రెండు నూర్ల గజాల్లో నిమ్మకాయ పెడితే ఎగరగొడతాడు" అంటారు.

ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో ఈనాడు ముచ్చటించుకుందాము. మీలో ఎవరూ తుపాకి పట్టనక్కరలేదు. కాని మీ చేలో కాల్చడానికి వచ్చిన మనిషిని, ఆయన చేతిలోని పనిముట్టును లెక్కవేసి చూడగలగాలి. విత్తనం కొనేటప్పుడు మొలక శాతం ఎంత అని అడుగుతున్నాము కదా, ఇదీ అట్టిదే.

ముందుగా చట్టం సంగతి రెండు ముక్కలు. అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2022 సవరణ తరువాత అది రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు ప్రమాదకరమైనదని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే దానిని కాల్చవచ్చు. తుపాకి లైసెన్సు వేరు, ఈ ఉత్తర్వు వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే అనుకునేవారు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. ఉత్తర్వు ప్రకారం చంపిన పంది కూడా సర్కారు సొత్తే. మాంసం పంచుకోవడానికి లేదు.

పోతే తుపాకి. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకని పేరు పెట్టి చెప్పినది నోటివైపు నుంచి మందు దట్టించే తుపాకిని. అది చాలదని అధికారికి తోస్తే లోపల నున్నగా ఉండే మరొక గొట్టపు తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునన్నారు. ఆ మాటల్లో రైఫిలు లేదు. కాబట్టి రైఫిలు పట్టుకొని వచ్చే ఆసామి సాధారణంగా వేరొక కారణం మీద లైసెన్సు పొందినవాడై ఉంటాడు.

నున్నని గొట్టానికీ రైఫిలుకూ భేదమేమిటి? రైఫిలు గొట్టం లోపల మర చుట్టు తిరిగినట్లు సన్నని గాళ్లు ఉంటవి. గుండు వాటిని ఒరుసుకుంటూ బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం నిలబడినట్లే తిరిగే గుండు తన దారిన నిలబడుతుంది. మందు దట్టించే నున్నని తుపాకిలో ఒంటి గుండు వేస్తే ముప్పై నలభై గజాలు దాటిన తరువాత ఎటు పోతుందో చెప్పలేము. పన్నెండు బోరు తుపాకిలో పెద్ద చెర్రలు వేసినా ఆ దూరమే హద్దు.

మన దేశంలో పౌరుల చేతిలో ఎక్కువగా కనిపించేది పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిలు. బెంగాలులోని ఇషాపూర్ వంటి ప్రభుత్వ కర్మాగారాలలో తయారైనది. పాత లీ ఎన్‌ఫీల్డ్ సైనిక తుపాకి దీనికి మూలం. సైన్యం వాడే 303 తూటా పౌరుల చేతికి పోకూడదని బ్రిటిషువారు కట్టడి చేసినందున ఈ వేరు కొలత వాడుకలోకి వచ్చింది. సైనిక తుపాకి కంటే ఇది పొట్టి, తేలిక. గుట్టలెక్కి దిగేవానికి ఆ తేలిక ఎంతో సుఖం. అయితే ఆ సుఖానికి ఎక్కడో వెల చెల్లించాలి.

ఆ వెల గొట్టం దగ్గర మొదలవుతుంది. తుపాకి బరువు తగ్గించాలంటే ముందుగా గొట్టాన్నే సన్నం చేస్తారు. సన్నని గొట్టం త్వరగా కాగుతుంది. కాగిన ఇనుము అన్ని వైపులా ఒకే తీరుగా సాగదు, పక్కనున్న కొయ్యను తాకినా తాకుతుంది. అందువల్ల మొదటి రెండు మూడు గుండ్లు ఒక చోట పడి, నాలుగవది, ఐదవది కొద్దికొద్దిగా పక్కకు జరుగుతవి. వానాకాలం చెమ్మకు కొయ్య ఉబ్బినా, మరచీల వదులైనా నిరుడు సరిగా ఉన్న గురి ఈ ఏడు ఉండదు.

ఇక వెనక్కి తన్నడం. ఒకే తూటాను నాలుగున్నర కిలోల తుపాకిలోను, మూడు కిలోల తుపాకిలోను కాల్చినామనుకోండి. తేలిక తుపాకి ఒకటిన్నర రెట్ల జోరుతో భుజాన్ని తంతుంది. రెండు దెబ్బలు తిన్న భుజం మూడోసారి ముందే బెదురుతుంది. ట్రిగ్గరు నొక్కే క్షణంలో కన్ను మూసుకుంటుంది. తుపాకి తప్పని మనము అనుకునే వాటిలో చాలా భాగం ఈ బెదురే! నా మటుకు నేను తుపాకి కంటే మనిషినే ముందు అనుమానిస్తాను.

ఇప్పుడు లెక్కకు వద్దాము. గురికాండ్లు కొలిచే కొలత ఒకటున్నది. ఒక డిగ్రీని 60 పాళ్లు చేస్తే అందులో ఒక పాలు. నూరు గజాల దూరంలో అది ఇంచుమించు ఒక అంగుళం వెడల్పు అవుతుంది, రెండు నూర్ల గజాలకు రెండంగుళాలు. కొన్ని విదేశీ కంపెనీలు తమ తేలిక రైఫిళ్లు మూడు గుండ్లను నూరు గజాల్లో అంగుళంలో వేస్తవని హామీ ఇస్తున్నవి. అవి దుర్బీను బిగించి, మంచి తూటా వేసి, బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కాల్చిన లెక్కలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సాధారణపు తేలిక రైఫిలు మూడు గుండ్లను ఒకటిన్నర నుండి రెండంగుళాలలో వేస్తే అది మంచి తుపాకి అనే చెప్పాలి. దుర్బీను లేని మన 315 మూడు నాలుగు అంగుళాలలో వేసినా నేను తప్పు పట్టను. అడవి పంది గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఆరంగుళాల పళ్లెమంత ఉంటుంది. ఆ తుపాకి దానికి చాలును.

కాని మూడు గుండ్ల కాగితం చూసి మురిసిపోవద్దు. మూడు గుండ్లు దగ్గరగా పడటంలో అదృష్టం పాలు కూడా ఉంటుంది. అదే తుపాకితో పది గుండ్లు కాలిస్తే ఆ చుట్టు సగటున ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. గొట్టం కాగినందున కాదు సుమా, కేవలం లెక్క ప్రకారమే. చేలో పనికివచ్చేది మాత్రం మొదటి గుండు ఒక్కటే. చల్లని గొట్టం నుంచి వెళ్లిన ఆ గుండు ఎక్కడ పడుతుంది? రోజుకు ఒక్కటి చొప్పున నాలుగైదు రోజులు, అనుమతి ఉన్న షూటింగు రేంజిలో, ఒకే కాగితం మీద కాల్చితే తెలుస్తుంది. మీ ఊరికి వచ్చేవానిని ఆ కాగితం చూపమనండి. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. తూటా కూడా అదే రకం, అదే పెట్టెలోనిది అయి ఉండాలి. తూటా మారితే గుండు పడే చోటు మారుతుంది.

బల్ల మీది గురి వేరు, చేలో గురి వేరు. ఆసరా లేకుండా నిలబడి కాల్చితే రెండంగుళాల తుపాకి కాస్తా మూరెడు తుపాకి అవుతుంది. కూర్చొని మోకాలి మీద మోచేయి ఆనించినా, మంచె గుంజకు చేయి ఆనించినా ఎంతో మేలు. దూరం మరొక శత్రువు. 315 గుండు బరువైనది, నిదానమైనది. నూరు గజాలకు సరిచేసిన గురితో రెండు నూర్ల గజాల్లో కాల్చితే సుమారు జానెడు కిందికి దిగుతుంది. గుండెకు పెట్టిన గురి కాళ్లకు తగులుతుంది. ఇక పరుగెత్తే పంది మాట చెప్పనే అక్కరలేదు. గుండు నూరు గజాలు పోయేలోపల అది మీటరున్నర జరిగిపోతుంది. నిమ్మకాయ కదలదు గదా!

హిందూపురానికి దగ్గరే ఉన్న లేపాక్షి గుడి కప్పు మీద కిరాతార్జునుల వేట బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకే పందికి ఇద్దరి బాణాలూ తగిలి, ఎవరిది ముందని జగడమాడినారు. మన చేలల్లో జగడం వేరు. దెబ్బ తగిలిన పంది చావక గట్టు దాటి పొరుగువాని చేలో పడుతుంది, తెల్లవారి కలుపు తీసే ఆడవాళ్ల మీదికి లేస్తుంది. అప్పుడు ఎవరి గుండు అని అడిగితే పలికేవాడుండడు.

పందులు వచ్చేది చీకట్లో. దుర్బీను లేని తుపాకి మీది గురిబిళ్ల చీకట్లో కనిపించదు. అప్పుడు రెండంగుళాల లెక్క, మూడంగుళాల లెక్క ఏదీ నిలవదు. పైగా మసక వెలుగులో నల్లగా కదిలేది పందే కావాలని లేదు. మన గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నవి, నెమళ్లకు కొదవే లేదు. ఇవి మూడూ మొదటి షెడ్యూలు జీవాలు. వాటిని వేటాడితే మూడేండ్లకు తగ్గని జైలు. వీటన్నిటికంటే భయం వేయించేది, పక్క చేలో కావలి ఉన్న మనిషి కూడా చీకట్లో నల్లగానే కనిపించడం.

గుండు పందిని తప్పినంత మాత్రాన ఆగదు. రెండు మూడు కిలోమీటర్ల అవతల కూడా ప్రాణం తీయగలదు. పెనుకొండ చుట్టుపట్ల నల్లరాతి గుండ్లకు తగిలితే పక్కకు ఎగిరిపోతుంది. బెంగుళూరు రైలుమార్గం ఈ మూడు పట్నాల మీదుగానే పోతున్నది, పెద్ద రోడ్డు ఉన్నది, ప్రతి చేలో బోరు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. అందుచేత పంది వెనుక మెత్తని మట్టి కట్ట గాని, ఎగువ వాలు గాని కనిపించనిదే కాల్చనివ్వకండి. ఎత్తైన మంచె మీది నుంచి కిందికి కాల్చితే తప్పిన గుండు నేలలోకి పోతుంది.

ఇన్ని చెప్పిన మీదట నా లెక్క ఇది. తేలిక రైఫిలు, మంచి చేయి, ఆనుకోవడానికి ఆసరా, కనిపించే వెలుతురు, నిలబడి ఉన్న పంది, వెనుక మట్టి ఉంటే 80 నుంచి 100 గజాలు. వీటిలో ఏ ఒకటి తగ్గినా 50 గజాలు. వెలుతురో మట్టికట్టో లేకపోతే ఏ దూరమూ లేదు.

మంద మొత్తాన్ని తుపాకి ఆపలేదు. ఒకటి పడితే తక్కినవి నాలుగు రోజులు రాక మళ్లీ వస్తవి. అందుకని చెనిక్కాయ చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసుకోండి, ముళ్లకు అవి వెనుదీస్తవి. నలుగురు కలిసి సోలారు కంచె వేసుకుంటే ఇంకా మంచిది. కరెంటు తీగ నేరుగా చేను చుట్టూ కట్టే పని మాత్రం చేయకండి, దానికి పంది, పశువు, మనిషి అన్న తేడా తెలియదు.

అయినా కాల్చక తప్పదనుకుంటే అటవీ శాఖ వారికి అర్జీ పెట్టండి. సర్వే నంబరు, పంట, దాని దశ, చెడిన విస్తీర్ణం, తేదీలు రాయండి. పాదముద్రల ఫొటోలు జతచేయండి. వ్యవసాయ కార్యకర్తలు వెంట నడిచి, చేనుకు ఏ వైపున ఇండ్లు, బోర్లు, దారులు ఉన్నవో చేతి పటం గీసి ఇవ్వాలి. ఉత్తర్వు వచ్చిన తరువాత ఆ సాయంత్రం ఎవరెవరు చేలల్లో ఉండరో ఊరిలో చాటింపు వేయించండి. కాల్చే ఆసామి లైసెన్సు, ఉత్తర్వు, ఆ ఐదు గుండ్ల కాగితం, ఈ మూడూ మీ కళ్లతో చూసిన తరువాతనే మంచె ఎక్కనివ్వండి.