ఇటలీ వేడినీటి బుగ్గలు

ఇటలీ వేడినీటి బుగ్గలు ఆ దేశంలో భూగర్భం నుండి సహజంగా ఉబికివచ్చే ఉష్ణజలధారలు. ఇవి ఎక్కువగా టస్కనీ, లాజియో ప్రాంతాలలోను, నేపుల్స్ సమీపంలోని ఇస్కియా ద్వీపంలోను ఉన్నాయి. రోమన్ల కాలం నుండి ప్రజలు వీటిలో స్నానాలు చేస్తున్నారు.

ఏర్పడే విధానం

టస్కనీ దక్షిణ భాగాన 1738 మీటర్ల ఎత్తున్న అమియాటా పర్వతం ఒకప్పటి అగ్నిపర్వతం. దీనిపై కురిసిన వాన నీరు సున్నపురాతి పొరలలోకి ఇంకి, భూగర్భపు వేడికి కాగి, గంధకాన్ని, కాల్షియం లవణాలను కరిగించుకొని దూరాన పైకి వస్తుంది. గాలి తగలగానే నీటిలోని బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోతుంది. మిగిలిన సున్నం తెల్లని ట్రావెర్టీన్ రాయిగా పేరుకుంటుంది. ఇదే ప్రాంతంలోని లార్దెరెల్లోలో 1904లో భూగర్భ ఆవిరితో తొలిసారిగా విద్యుద్దీపాలు వెలిగించారు.

సతూర్నియా

గ్రొసెత్తో జిల్లా మాంచానో పరిధిలోని సతూర్నియా వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇక్కడి నీరు ఏడాది పొడవునా సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో ఉంటుంది. ఊరికి దిగువన, పాత మర పక్కన, గోరెల్లో వాగు చిన్న జలపాతంగా దుమికి మెట్లుమెట్లుగా అమరిన తెల్లని మడుగులను నింపుతుంది. ప్రవేశ రుసుము లేదు. 2014 అక్టోబరు వరదలో ఈ మడుగులు దెబ్బతిన్నా, తరువాత పునరుద్ధరించబడినవి. మనుషుల కలహాలకు కోపించిన సాటర్న్ విసిరిన పిడుగు పడిన చోట ఈ నీరు పుట్టిందని స్థానిక గాథ. నీటికి కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుంది. వెండి నగలు నల్లబడతాయి కనుక ముందే తీసివేయడం మంచిది.

ఇతర బుగ్గలు

బాన్యో విన్యోని గ్రామంలో ఊరి నడిబొడ్డున వీధికి బదులు ఒక పెద్ద కోనేరు ఉన్నది. తార్కోవ్‌స్కీ 1983 నాటి చిత్రం 'నొస్టాల్జియా' ఇక్కడ చిత్రీకరించబడింది. ఈ కోనేటిలో స్నానం నిషిద్ధం. ఈ సంగతి తెలియక వచ్చి నిరాశ పడేవారు ఉంటారు. సమీపంలోని బాన్యీ శాన్ ఫిలిప్పోలో అడవి మధ్యన, తెల్ల తిమింగలమని పిలువబడే పెద్ద సున్నపు రాతి నిర్మాణం చూడదగినది. వితెర్బో వద్దనున్న బుల్లికామె బుగ్గను డాంటే 'ఇన్ఫెర్నో' పద్నాలుగవ సర్గలో ప్రస్తావించాడు. దీని మూలంలో నీరు 58 డిగ్రీల వరకు ఉంటుంది, అందులో దిగరాదు.

వేసవి ప్రయాణం

జులై, ఆగస్టు నెలల్లో ఇక్కడ పగటి ఎండ 30 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండలో ఒంటి వేడితో సమానమైన నీటిలో కూర్చుంటే చల్లదనం దక్కదు, ఒళ్ళు త్వరగా అలసిపోతుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా తీసుకోవాలి. వేసవిలో వెళ్ళేవారికి సూర్యోదయ వేళ అనుకూలం, అప్పుడు రద్దీ కూడా తక్కువ. ఆగస్టు 15న ఇటలీలో జాతీయ సెలవు కావడంతో ఆ వారమంతా బసలు దొరకడం కష్టం. వీలైతే జూన్ మొదటి వారాలు ఎంచుకోవచ్చును.

రోము నుండి సతూర్నియాకు రోడ్డు దూరం సుమారు 150 కి.మీ. రైలు గ్రొసెత్తో వరకే ఉపయోగపడుతుంది. అక్కడి నుండి బస్సులు తక్కువ కావున చాలామంది కారు అద్దెకు తీసుకుంటారు. భారతీయ లైసెన్సుతో నడిపేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇంటి వద్దనే పొందాలి.

ఎండ భరించలేనివారికి ఇస్కియాలోని సోర్జెతో తీరం మేలు. అక్కడ వేడినీరు సముద్రపు ఒడ్డునే ఉబికి చల్లని అలలతో కలుస్తుంది. రెండు రాళ్ళ మధ్య చోటు మార్చుకుంటే కావలసిన వేడి దొరుకుతుంది. నేపుల్స్ నుండి ఓడలో ద్వీపానికి చేరి, తీరం వరకు మెట్లు దిగవలెను.