మేస్త్రీని ముందే అడిగితే

బెంగళూరు కె.ఆర్.పురంలో ఇల్లు కట్టించుకునేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. తాపీ పట్టిన చేతుల్లోనూ తెలుగు చేతులు చాలానే. అయినా పర్యావరణానికి మేలు చేసే ఇల్లు అనగానే అందరికీ డాబా మీది సోలార్ పలకలే గుర్తొస్తాయి. డిజైన్ ఇంజనీరుది, గీసింది కట్టడమే మేస్త్రీది అనుకోవడం అన్నిటికన్నా పెద్ద అపోహ.

మట్టి ఇటుక వానకు కరిగిపోతుందని మరో భయం. పచ్చి మట్టి కరుగుతుంది, నిజమే. కానీ ఇదే బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన ‘అస్త్ర’ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది వేరే ఇటుక మీద. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, కాల్చకుండానే మూడు వారాలు తడిపి ఆరబెట్టేది. అక్కడి పరిశోధకులు వెంకటరామారెడ్డి, జగదీశ్ 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం దీని తయారీకయ్యే శక్తి, కాల్చిన ఇటుకకయ్యేదాంట్లో నాలుగో వంతే. దీనికి ఐ.ఎస్. 1725 అనే జాతీయ ప్రమాణం కూడా ఉంది.

సిమెంటు ఎక్కువేస్తే చాలు, ఏ మట్టయినా గట్టిపడుతుందని కొందరు మేస్త్రీలే నమ్ముతారు. అదీ పొరపాటే. తెలిసిన మేస్త్రీ పునాది మట్టిని పిడికెడు తీసి, గాజు సీసాలో నీళ్లు పోసి గిలకొట్టి పక్కన పెడతాడు. ముందు ఇసుక దిగుతుంది, దానిపైన ఒండ్రు, చివరికి బంకమన్ను. బంక ఎక్కువుంటే కలపాల్సింది ఇసుక, లేదా క్వారీ డస్ట్. ఈ సీసా చెప్పే సంగతి ప్లాను గీసే ముందే తెలియాలి.

కొలతలదీ అదే కథ. 230 మిల్లీమీటర్ల ఇటుకకు 10 మిల్లీమీటర్ల సందు కలిపి చూస్తే, 10 అడుగుల గోడలో 13వ ఇటుకను నరకాల్సిందే, అదీ వరసవరసకూ. గోడను రెండున్నర అంగుళాలు పెంచితే 13 నిండు ఇటుకలు సరిపోతాయి. కాగితం మీద ఎవరికీ పట్టని ఆ రెండున్నర అంగుళాలు సైటులో ముక్కల కుప్ప అవుతాయి.

ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ‘ర్యాట్ ట్రాప్’ గోడ బలహీనమన్నదీ నిజం కాదు. కేరళలో లారీ బేకర్ ఈ పద్ధతిలో ఎన్నో ఇళ్లు కట్టించారు. ఇటుకలు దాదాపు పాతిక శాతం మిగులుతాయి, మధ్యలోని గాలి ఎండ వేడిని తగ్గిస్తుంది. అయితే కట్టాక గోడ చెక్కి కరెంటు పైపు దించడం కుదరదు. పైపు ఆ ఖాళీలోంచే పోవాలి కాబట్టి, స్విచ్ బోర్డు ఎక్కడో మొదటి వరస పేర్చకముందే మేస్త్రీకీ, కరెంటు పనివాడికీ తెలిసి ఉండాలి.