పారిపోయే కోడి, చిరిగిన బిళ్ళ

మీ ఇంటికి వచ్చిన ఉత్తరం మీది తపాలా బిళ్ళను ఒకసారి చూడండి. దాని మీద నల్లని ముద్ర పడి ఉంటుంది. చక్కని బొమ్మకు ఇలా మసి పూయడం దేనికని, స్టాంపులు సేకరించేవారు విసుక్కునే ఉంటారు. కాని ఆ ముద్ర లేకపోతే వాడిన బిళ్ళను తడిపి, ఊడదీసి, మళ్ళీ అంటించవచ్చు. అప్పుడు తపాలా శాఖ ఉత్తరాలను ఊరికే మోయాలి!

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ 'పెన్నీ బ్లాక్'. ఇంగ్లండులో 1840 మే 6 నుంచి అది చెల్లుబాటు అయింది. అర ఔన్సు ఉత్తరం దేశంలో ఎంత దూరమైనా ఒక్క పెన్నీకే పోతుంది. ఇంత చవక చేసినప్పుడు ఒకే బిళ్ళ రెండు మూడుసార్లు తిరిగితే, ఈ పద్ధతి పెట్టించిన రోలండ్ హిల్ లెక్కలన్నీ తలకిందులే.

అందుకని పోస్టాఫీసులన్నిటికీ ఒక ముద్ర పంపారు. దానిని 'మాల్టీస్ క్రాస్' అంటారుగాని, చూడటానికి నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. చేత్తో చేసినవి కాబట్టి ఊరికీ ఊరికీ కొద్ది తేడాలుండేవి. నల్ల బిళ్ళ మీద కనిపించాలని సిరా ఎరుపు పెట్టారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. జనం ఆ ఎరుపును తుడిచేసి, బిళ్ళను మళ్ళీ వాడసాగారు.

ఎందుకు తుడుచుకుపోయింది? ఆ సిరా తయారీకి ఇచ్చిన పాళ్ళు ఇవి: ఎర్రని అచ్చుసిరా ఒక పౌను, అవిసె నూనె ఒక పింటు, ఆలివ్ నూనె అర పింటు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. ఆలివ్ నూనెకు ఆ గుణం లేదు. అది కలిస్తే సిరా ఆరడం ఆలస్యమవుతుంది. నా మట్టుకు నాకు దోషం రంగులో కంటే నూనెలోనే ఎక్కువ కనిపిస్తుంది. కావాలంటే రెండు గాజుపలకల మీద ఒకదానికి అవిసె నూనె, రెండోదానికి ఆముదం పలచగా పూసి కొన్ని వారాలు ఉంచండి. ఆముదం కూడా ఆలివ్ నూనెలాగే ఆరని నూనె. వేలితో తాకి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

1841లో రంగులు తారుమారు చేశారు. బిళ్ళ ఎరుపు, ముద్ర నలుపు! నల్లసిరాలో ఉండేది మసి, అంటే కర్బనం. మామూలు ఆమ్లాలు, చలువచేసే పదార్థాలు దానిని ఏమీ చేయలేవు. పైగా తుడవబోతే బిళ్ళ రంగే ముందు చెరిగిపోయేది. 1844లో పువ్వు ముద్రలు పోయి అంకెల ముద్రలు వచ్చాయి.

అమెరికాలో కథ ఇంకా సరదాగా నడిచింది. అక్కడ చిన్న పోస్టాఫీసులవాళ్ళు చాలామంది ముద్రలు సొంతంగా చేసుకునేవారు. చేతికి దొరికేది సీసా బిరడా. కార్కు కణాల నిండా గాలి ఉంటుంది కనుక మెత్తగా అణిగి బిళ్ళకు అతుక్కుంటుంది, చాకుతో సులువుగా తెగుతుంది. (1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఈ కార్కులోని గదులకే.) కనెక్టికట్‌లోని వాటర్‌బరీ పోస్టాఫీసులో జాన్ హిల్ అనే ఆయనకు ఇది పిచ్చి. బూటు, తాళంకప్ప, ఏనుగు, పుర్రె - ఏది తోస్తే అది చెక్కేవాడు. 1869లో ఆయన చెక్కిన పరుగెత్తే కోడి అన్నిటికన్నా పేరుపొందింది. కార్కు త్వరగా అరిగిపోతుంది కనుక ఇలాంటి ముద్రలు కొద్దిరోజులే పడేవి. ఆ కోడి ఉన్న కవర్లు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే అమెరికావారు బిళ్ళల మీద చిన్న చిన్న గళ్ళు నొక్కి, కాగితం పీచును చితగ్గొట్టారు. కేశనాళికల ద్వారా సిరా లోపలికి ఇంకుతుందని వారి ఆలోచన. తరవాత ఆ పని మానేశారు.

వీటన్నిటికంటే మొరటు ఉపాయం ఆఫ్ఘనిస్తాన్‌వారిది. 1871లో అక్కడ బిళ్ళలు వచ్చినప్పుడు సిరా జోలికే పోలేదు. గుమాస్తా బిళ్ళలో ఒక ముక్కను చింపేసేవాడు, లేదా కత్తిరించేవాడు. అందుకే ఆ కాలపు ఆఫ్ఘన్ బిళ్ళ వాడినదైతే, అంచు చినగకుండా దొరకడం అరుదు.