ట్రాక్టరు ఇంజను లోపాలను కంప్యూటరు గుర్తించి నమోదు చేసే విధానం

మన దేశంలో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నాయి. వీటిని అందుకోవడానికి ఈ తరగతి ఇంజన్లలో కార్లలో వలెనే కామన్ రైల్ ఇంధన వ్యవస్థ, దానిని నడిపే ఎలక్ట్రానిక్ నియంత్రణ యూనిట్ ప్రవేశించాయి. ఇంజనులో లోపం తలెత్తినపుడు డ్యాష్‌బోర్డుపై దీపం వెలిగించేది ఈ యూనిటే.

ఇది ఇంజనును నేరుగా చూడజాలదు. సెన్సర్లు పంపే వోల్టేజీలే దానికి ఆధారం. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సరునే తీసుకుందాం. దీని వలయానికి సాధారణంగా 5 వోల్టుల సరఫరా ఉంటుంది. కూలెంట్ వేడెక్కేకొద్దీ సెన్సరు నిరోధం తగ్గి, యూనిట్‌కు చేరే వోల్టేజీ పడిపోతుంది. తీగ తెగితే మాత్రం వోల్టేజీ దాదాపు 5కు చేరుతుంది. దానిని యథాతథంగా నమ్మితే మండుటెండలో దున్నుతున్న ఇంజను గడ్డకట్టిందని అర్థం! ఇటువంటి అసంభవ విలువ నిర్ణీత సమయం పాటు కొనసాగితే యూనిట్ దానిని లోపంగా నిర్ధారిస్తుంది. కోరిన ఇంధన పీడనానికీ, రైలులో కొలిచిన పీడనానికీ పొంతన కుదరకపోయినా అంతే.

జె-1939 ప్రమాణాన్ని అనుసరించే యంత్రాలలో లోపం రెండు సంఖ్యలుగా నమోదవుతుంది. మొదటిది ఏ అంశమో, రెండవది ఏ విధమైన లోపమో తెలుపుతుంది. 110 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత. దాని పక్కన 0 ఉంటే ఇంజను నిజంగానే ప్రమాదకరంగా వేడెక్కినట్లు. 3 ఉంటే వోల్టేజీ హద్దు మించినట్లు, అనగా తీగ, కనెక్టరు లేదా సెన్సరును పరీక్షించాలి. కార్లలో ఈ రెండవ లోపానికి పి0118 అనే సంకేతం ఉంది.

క్షేత్రంలో చిక్కు ఇక్కడే వస్తుంది. దమ్ము చేసే రోజులలో కనెక్టరులో నీరు, బురద చేరడం, షెడ్డులో ఎలుకలు తీగలు కొరకడం మనకు కొత్త కాదు. మొదటి సంఖ్య మాత్రమే చూసి సెన్సరు మార్చితే ఖర్చు వృథా, పైగా నారు ముదురుతుంది. 110-0ని తీగ లోపమని భావించి నడిపితే హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు. ఇంజను ఆయిల్ పీడనం బాగా పడిపోయినట్లు తెలిపే 100-1 కనిపిస్తే చాలు చివరకైనా వెళ్ళకుండా ఇంజనును వెంటనే ఆపివేయాలి.

అనేక యూనిట్లు లోపం తలెత్తిన క్షణంలోని ఇంజను వేగం, భారం, ఉష్ణోగ్రతలను కూడా భద్రపరుస్తాయి. సంకేతాన్ని చెరిపితే ఇవీ పోతాయి. అందుచేత మెకానిక్ చెరపకముందే రెండు సంఖ్యలనూ, అప్పుడు చేస్తున్న పనినీ రాసి ఉంచాలి. ఈ సంకేతాల పట్టికను ట్రాక్టరుతో పాటు తెలుగులో ఇవ్వడం తయారీదారులకు పెద్ద భారం కాదని నా అభిప్రాయం.