మద్దెల ఓడైనా ఆట ఆగలేదు

పని చెడితే నెపం పనిముట్టు మీదకు నెట్టడం లోకంలో ఉన్నదే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలి? చేతిలో డబ్బు ఉండదు. పెద్ద చదువు ఉండదు. అక్కరకు వచ్చే పనిముట్టు ఉండదు. పని మాత్రం పదిమందీ మెచ్చేలా ఉండాలి. యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత పల్లెలు ఈ ప్రశ్నకు చేతలతోనే జవాబు చెప్పాయి.

పోచంపల్లి చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు ఊరికే రాలేదు. ఈ చీర మీది పువ్వు నేసిన తర్వాత అద్దింది కాదు, కుట్టింది కాదు. నేయక ముందే, పోగులుగా ఉన్నప్పుడే రంగు వేస్తారు. ఏ పోగు మీద ఎక్కడ ఎరుపు రావాలి, ఎక్కడ తెలుపు మిగలాలి అన్నది ముందే లెక్క కట్టాలి. ఆ లెక్క ప్రకారం పోగులను కట్ట కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మగ్గం ఎక్కిస్తారు. పడుగు, పేక రెండింటికీ ఇలా రంగులు వేసిన చీరలో అడ్డపోగు, నిలువుపోగు సరిగ్గా తమ చోట కలవాలి. ఒక్క పోగు పక్కకు జరిగినా నెమలి ముక్కు వంకర పోతుంది.

ట్యూబు ముక్క, కాయల బూడిద

ఇంత సున్నితమైన పనికి వాడే సరంజామా చూస్తే కొత్తవారు ఆశ్చర్యపోతారు. రంగు అంటకూడని చోట పోగులకు గట్టిగా చుట్టేది సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలు. దీన్నే చిటికి కట్టడం అంటారు. రబ్బరు సాగుతుంది, బిగుస్తుంది, నీళ్లను లోపలికి రానీయదు. విప్పడమూ తేలికే. సైకిలుకు పనికిరాని ట్యూబు పట్టుచీరకు ప్రాణం పోస్తున్నదన్నమాట. గొప్పతనం ట్యూబులో లేదు. ఎంత మేర చుట్టాలి, ఎంత బిగించాలి అన్నది తెలిసిన వేళ్లలో ఉంది.

సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాక కథ కూడా ఇలాంటిదే. ఒకప్పుడు చీరాల ప్రాంతంలో పేరు మోసిన తేలియా రుమాలు పనితనాన్ని ఈ ఊరి నేతగాళ్లు నిలబెట్టారు. ఈ పనికి నూలును నూనెలోనూ, ఆముదపు కాయలను కాల్చిన బూడిదతో చేసిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. మళ్లీ నానబెడతారు, మళ్లీ ఎండబెడతారు. అలా చేస్తే నూలు మెత్తబడుతుంది, ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. పారేసే కాయల బూడిద, ఇంట్లో ఉండే నూనె, పైన కాసే ఎండ. పెట్టుబడి అంతే. మిగతాదంతా ఓపికే. ఈ ఊరి మూలాలున్న గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

భుజాలు అరిగే పని

అయితే ఓపిక ఉంది కదా అని అన్ని బాధలూ పడవలసిందేనా? ఈ ప్రశ్న అడిగినవాడు ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం.

పేకకు చిటికి కట్టాలంటే ముందు పోగును ఆసు మీద పోయాలి. ఆసు అంటే చెక్క చట్రం. ఒక వైపు ఒక మేకు, ఎదుటి వైపు అర్ధవలయంగా వరస మేకులు ఉంటాయి. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కు తిప్పుతూ పోవాలి. ఒక్కో మేకు మీద లెక్క ప్రకారం పోగులు పడ్డాక పక్క మేకుకు జరగాలి. పోగు బిగుసుకోకూడదు, వదులు కాకూడదు, తెగకూడదు, లెక్క తప్పకూడదు.

ఒక్క చీరకు చెయ్యి ఇలా సుమారు 9 వేల సార్లు తిరగాలి. ఒక్కో విసురు మీటరు దూరం ఉంటుంది. అంటే ఒక చీరకు చెయ్యి తిరిగేది 9 కిలోమీటర్లకు తక్కువ కాదు. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల విసుర్లు. ఈ పని చాలావరకు ఆడవాళ్లదే. నేసిన చీరకు నేతగాడి పేరు వస్తుంది. భుజం నొప్పి మాత్రం ఆసు పోసిన ఇల్లాలికి మిగులుతుంది.

మల్లేశం తల్లి లక్ష్మి ఈ నొప్పితో ఏళ్ల తరబడి బాధపడింది. కొడుకు చదివింది ఆరో తరగతి. యంత్రాల చదువు లేదు, వెనక ఆస్తి లేదు. అయినా ఆసు పోసే యంత్రం చేయాలని 1992లో మొదలుపెట్టాడు.

ఏడేళ్ల కుస్తీ

ఆయన దగ్గర లేనివి చాలా ఉన్నాయి. ఉన్నది ఒక్కటే. ఆసు పని ఎలా సాగుతుందో పుట్టినప్పటి నుంచి చూసిన కన్ను. పెద్ద చదువు చదివిన ఇంజనీరుకు యంత్రం తెలుసు, ఆసు తెలియదు. మల్లేశానికి ఆసు తెలుసు, యంత్రం తెలియదు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి దారి వేసుకున్నాడు.

పనిని ముక్కలు చేశాడు. చెయ్యి ముందుకు వెనక్కు పోవడం ఒక కదలిక. పోగు మేకును చుట్టుకోవడం ఇంకో కదలిక. పక్క మేకుకు జరగడం మరో కదలిక. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో భాగం చేస్తూ పోయాడు. చెడితే విప్పాడు, మళ్లీ బిగించాడు. చుట్టుపక్కల వారిలో కొందరికి ఇది పిచ్చిపనిగా తోచింది. పోగును మేకు చుట్టూ తిప్పే భాగం దగ్గర యంత్రం మొరాయించింది.

1997లో ఇల్లు గడవక హైదరాబాదు చేరి కరెంటు పనులకు కుదిరాడు. ఊరు వదిలాడు గానీ ఆసును వదలలేదు. 1999లో బాలానగర్‌లోని ఒక కర్మాగారానికి పనికి వెళ్లినప్పుడు అక్కడ ఒక యంత్రం కదలిక కంటబడింది. తనకు అంతకాలం కొరుకుడుపడనిది అదే. చేస్తున్న పని పక్కన పెట్టి ఆ భాగం తయారుచేసి, ఊళ్లోని యంత్రానికి బిగించాడు. ఆసు తనంతట తానే పోసింది.

దానికి తల్లి పేరు పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. భుజాలకు విశ్రాంతి దొరికింది. తర్వాత ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చి, డిజైన్‌ను బట్టి పోగుల లెక్క మార్చుకునే వీలు కల్పించాడు. ఇలాంటి యంత్రాలు వందల సంఖ్యలో నేతగాళ్ల ఇళ్లకు చేరాయి. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఈ యంత్రం మగ్గం జోలికి పోలేదు. చిటికి చేతితోనే కడతారు, చీర చేతితోనే నేస్తారు. నైపుణ్యం ఉన్నచోట చెయ్యి అలాగే ఉంది. ఒళ్లు హూనం చేసే చోటికే యంత్రం వచ్చింది. ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు అన్నది పని తెలిసినవాడికే తెలుస్తుంది.

మెచ్చుకోలు చాలదు

ఇలాంటి కథ వినగానే లేమిలోనే గొప్పతనం పుడుతుందని కొందరంటారు. అది సరికాదు. లేమి మల్లేశానికి యంత్రాన్ని ఇవ్వలేదు, ఏడేళ్లు ఆలస్యం చేసింది. ఆయనకు దొరకక ఆగిపోయినది ఒక చిన్న కదలిక. నగరంలో ఒక యంత్రాన్ని చూడగానే ముడి విడిపోయింది. పల్లెలో ఒక మంచి వర్క్‌షాపు, అడిగితే చెప్పే ఒక మేస్త్రీ, కొద్దిపాటి అప్పు అందుబాటులో ఉంటే లక్ష్మి భుజానికి ఎన్నేళ్ల ముందు విశ్రాంతి దొరికేదో!

ఇప్పటికీ ఊళ్లలో ఏదో ఒకటి విప్పి బిగించే కుర్రాళ్లు ఉంటారు. పంపుసెట్టు, మగ్గం, కోతయంత్రం ఏది కనబడినా వారి చెయ్యి ఊరుకోదు. వారిని పనిలేనివాళ్లని కసరకుండా దగ్గరి ఐటీఐకి తీసుకెళ్లి నాలుగు యంత్రాలు చూపిస్తే పెద్దలకు పోయేదేమీ లేదు.

నేతగాడికి మరో దెబ్బ బజారులో తగులుతున్నది. పోచంపల్లి డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చు వేసి చౌకగా అమ్ముతున్నారు. అసలును గుర్తుపట్టడం కష్టం కాదు. చీరను తిరగేసి చూడాలి. పోగుకే రంగు వేసిన చీరలో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన దానిలో వెనక వైపు సాధారణంగా వెలవెలబోతుంది. పోగు కట్టి రంగు వేసినప్పుడు పువ్వు అంచు కాస్త చెదిరినట్లు, ఈకలా కనబడుతుంది. గీత గీసినట్లు ఉంటే అనుమానించాలి.

పెళ్లికి చీర కొనే ఇల్లు ఈ ఒక్క పని చేసినా నేతగాడికి మేలు జరుగుతుంది. ట్యూబు ముక్కతో, బూడిదతో, చెక్క చట్రంతో తమ వంతు పని లోపం లేకుండా చేయడం ఇక్కడి నేతగాళ్లకు తెలుసు. చీర తిరగేసి చూసి, సరైన ధర ఇవ్వడం కొనేవారి వంతు.