గుండె నాళం చిరిగితే స్టెంటు వేయరేం?

మన శాలిబండలోనో, లాల్‌దర్వాజాలోనో నలభై ఏళ్ల ఆవిడకి గుండెల్లో బరువుగా ఉందంటే ముందు ఏం చేస్తాం చెప్పండి? వాము నమిలిస్తాం. "గ్యాసే వదినా, పొద్దుగాల్నుంచి ఏం తినలే గదా" అంటాం. బీపీ లేదు, షుగర్ లేదు, మనిషి పుల్లలా ఉంది... ఆమెకి గుండెపోటేమిటి అనుకుంటాం!

సరిగ్గా ఇలాంటి ఆడవాళ్లకే వచ్చే గుండెపోటు ఒకటుంది. కొవ్వు పేరుకుని నాళం మూసుకుపోవడం కాదిది. గుండెకి రక్తం అందించే కరోనరీ నాళం గోడ లోపల తనంతట తానే చిరుగుతుంది. డాక్టర్లు క్లుప్తంగా ‘స్కాడ్’ అంటారు. వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లు.

లైనింగు జాకెట్టు తొడుక్కునేటప్పుడు లోపలి కుట్టు ఊడి ఉంటే చెయ్యి లైనింగుకీ పైగుడ్డకీ మధ్య దూరి ఇరుక్కుంటుంది కదా! నాళం గోడకీ అలాగే పొరలున్నాయి. లోపలి పొర చిరిగినా, గోడలోని సన్నని నాళం చిట్లినా రక్తం పొరల మధ్య చేరి ఉబ్బుతుంది. అసలు దారి ఇరుకైపోయి, ఆ పైన గుండె కండకి రక్తం అందదు.

దీన్ని మొదట 1931లో రాశారు. 42 ఏళ్ల ఆవిడ చనిపోయాక కోసి చూస్తే తెలిసిందట. తర్వాత కూడా చాలా ఏళ్లు దీన్ని ఎప్పుడో ఒకటి వచ్చే వింత జబ్బనే అనుకున్నారు. అమెరికాలో ఈ జబ్బు పడిన ఆడవాళ్లే ఒకరినొకరు వెతుక్కుని, మా మీద పరిశోధన చేయండని డాక్టర్లని అడిగారు. మేయో క్లినిక్ వాళ్లు 12 మందితో చేసిన ఆ చిన్న అధ్యయనం 2011లో అచ్చయింది. అడిగితే తప్ప పట్టించుకోలేదన్నమాట!

పెద్ద దుఃఖం, భరించలేని ఒత్తిడి, శక్తికి మించిన బరువు ఎత్తడం... కొందరిలో ఇవి ముందుంటాయి. కొందరిలో ఏ కారణమూ దొరకదు. పురుటాళ్ల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పేట్లబుర్జు ఆస్పత్రిలో కాన్పై పసిబిడ్డతో ఇంటికొచ్చిన పిల్ల, వారం పది రోజులకి ఛాతీ నొప్పి, దవడ లాగుతోంది, చెమటలు పడుతున్నాయి అంటే వాతమని కాపడం పెడుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. మన గల్లీల్లోకి అంబులెన్సు రాకపోతే ఒకరిని సందు మొదట్లో నిలబెట్టండి, ఆమెని మాత్రం మెట్లు దింపి నడిపించకండి. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన తిరిగొచ్చేయకండి. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా దగ్గరే ఉంది, అక్కడ గుండె విభాగం ఉంది.

ఇక అసలు గొడవ ఆస్పత్రిలో మొదలవుతుంది. యాంజియోగ్రామ్‌లో చిరుగు కనిపించాక కూడా డాక్టరు స్టెంటు వేయకుండా మందులిచ్చి పడుకోబెడతాడు. "పైసలు లేవని వదిలేసిండ్రా?" అని మగవాళ్లు అరుస్తారు. కానీ చిరిగిన పొరల మధ్య స్టెంటు దూర్చితే రక్తం ముందుకి తోసుకుపోయి చిరుగు పెరగొచ్చు. కదపకుండా వదిలేస్తే ఎక్కువమందిలో కొన్ని వారాలు, నెలల్లో దానంతటదే అతుక్కుంటుంది. నొప్పి ఆగకపోయినా, బీపీ పడిపోయినా, ప్రధాన నాళం దెబ్బతిన్నా అప్పుడు స్టెంటో బైపాసో తప్పదు. మొదటి రోజుల్లో చిరుగు పెరిగే భయం ఉంది కాబట్టే నాలుగైదు రోజులు కళ్లముందు ఉంచుకుంటారు.

ఆస్పత్రి చేరినవాళ్లలో ఎక్కువమంది బతికి బాగుంటారు. అయితే వేర్వేరు పరిశోధనల్లో వందకి 10 నుంచి 30 మందికి ఏళ్లు గడిచేలోపు మళ్లీ వచ్చింది. అందుకే బీటా బ్లాకర్ మాత్ర, బీపీ అదుపు. మెడ, మూత్రపిండాల నాళాల్లో కూడా లోపం ఉందేమో స్కాన్ చేయిస్తారు. నడక మంచిదే. నీళ్ల డ్రమ్ములు, బియ్యం బస్తాలు మాత్రం ఇంట్లో వేరేవాళ్లు ఎత్తాలి. మళ్లీ గర్భం, గర్భనిరోధక మాత్రలు... డాక్టరుని అడగకుండా వద్దు. రాత్రిళ్లు భయంతో నిద్రపట్టకపోవడం చాలామందికి ఉంటుంది. అది నాటకం కాదు, దానికీ వైద్యం ఉంది.

యాంజియోగ్రామ్ సీడీ, డిశ్చార్జి కాగితం బీరువా అడుగున పెట్టకండి. అర్ధరాత్రి కొత్త డాక్టరు ముందు ఆమె తరఫున మాట్లాడాల్సింది అవే.