తెల్లవారుజాము గంట కోసం

ఇప్పపూలు రాలే రోజులవి. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలో, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక మామిడితోటలో మా బడి అమ్మాయిలతో రాత్రి బస చేశాను. నేను పాల్వంచలో సైన్సు టీచర్ని. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఏడాదికోసారి వీధి దీపాల వెలుగు సోకని చోటికి తీసుకెళ్ళి నక్షత్రాలు చూపించడం, పొద్దున్నే పక్షుల కూతలు వినిపించడం నాకు అలవాటు. ఆ రాత్రి ఒంటిగంటకు ఒక పిల్ల నన్ను తట్టి లేపింది. "టీచర్, లోపల ఊపిరాడట్లేదు" అంది. టార్చి వేసి చూస్తే ముఖమంతా చెమట. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

ఆ పిల్ల పడుకున్నది కొత్త స్లీపింగ్ బ్యాగులో. కొనమని వాళ్ళ నాన్నకు చెప్పింది నేనే. నేనూ అలాంటిదే తీసుకున్నాను, 2,800 రూపాయలు పెట్టి. "మైనస్ 5 డిగ్రీల చలిక్కూడా ఆగుతుంది మేడం" అన్నాడు దుకాణంలో అబ్బాయి. అడవి కదా, రాత్రి చలేస్తుంది, పిల్లలు ఇబ్బంది పడకూడదు అనుకున్నాను. మైనస్ 5 డిగ్రీలు మన భద్రాద్రి జిల్లాలో ఏ రాత్రి వస్తాయని మాత్రం ఆలోచించలేదు. జిప్పు వేస్తే చెమట, తీస్తే దోమలు. ఆ పిల్ల తండ్రి రోజు కూలీ. ఆ సంచి ఖరీదు ఆయనకు దాదాపు వారం రోజుల కూలి. ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇది రాయడానికి కారణం కూడా అదే.

తోటకు కాపలా ఉండే కోయ అవ్వ మా మాటలు విని లేచి వచ్చింది. "సంచిలో పెట్టి మూతి కడితే పిల్లకు గాలెట్లా ఆడుద్దమ్మా? బయటికి తియ్యి" అంది. తన నులక మంచం తెచ్చి వేసింది. పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి మంచం కాళ్ళ దగ్గర పెట్టింది. "ఇప్పుడు కప్పొద్దు. తెల్లారగట్ల చలి ఒక్క గంటే. అప్పుడు పిల్లే లాక్కుంటది" అని వెళ్ళి పడుకుంది. అవ్వ చెప్పినట్టే జరిగింది. నాలుగు దాటాక ఏటి మీద నుంచి వచ్చే గాలి చల్లబడింది. ఆ పిల్ల నిద్రలోనే చేత్తో తడుముకుని బొంతను భుజాల దాకా లాక్కుంది.

వేసవి బసకు స్లీపింగ్ బ్యాగు ఎలా ఎంచుకోవాలో ఆ ఒక్క రాత్రిలో నాకు అర్థమైంది. మనం కొనేది రాత్రంతటికీ కాదు, ఆ తెల్లవారుజాము గంటకు.

సంచి వేడినివ్వదు

స్లీపింగ్ బ్యాగు తనంతట తాను వేడి పుట్టించదు. వేడి పుట్టించేది మన ఒళ్ళే. నిద్రలో కూడా మనిషి దాదాపు 70 వాట్ల వేడి వదులుతూనే ఉంటాడు, పాతకాలం ఫిలమెంటు బల్బంత. సంచిలోని దూది లాంటి పీచు గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. కదలని గాలి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. పీచు ఎంత మందంగా ఉంటే అంత గాలి నిలుస్తుంది, ఒంటి వేడి అంత ఎక్కువసేపు లోపలే ఉంటుంది. హిమాలయాల్లో ప్రాణం నిలబెట్టే గుణం అది. గోదావరి ఒడ్డున నిద్ర చెడగొట్టేదీ అదే. ఇక్కడ ఒంటి వేడి బయటికి పోవాలి, చెమట ఆరాలి. ఏటి పక్కన గాలిలో తేమ ఉంటుంది కాబట్టి చెమట అసలే నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద నైలాన్ గుడ్డ కప్పితే ఇక ఆరదు.

అవ్వ నులక మంచం గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. నులక సందుల్లోంచి కిందనుంచి కూడా గాలి ఆడుతుంది, వీపు చెమట ఆరుతుంది. పోడు చేలల్లో అడవిపందుల కాపలాకు మంచె మీద పడుకునే రైతుకూ ఈ సుఖమే దక్కుతుంది. మంచమో మంచెనో దొరికే చోట వేసవి పడకకు దాన్ని మించింది లేదు. భుజాన వేసుకుని నడిచి వెళ్ళే చోటికి మంచం మోయలేం కాబట్టి సంచి సంగతి ఆలోచిస్తాం.

అమ్మకానికి వచ్చిన తొలి స్లీపింగ్ బ్యాగుల్లో ఒకటి కూడా ఒక రకంగా దుప్పటే. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో న్యూటౌన్ అనే ఊరి వ్యాపారి ప్రైస్ జోన్స్ 1876లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పేరు యూక్లీసియా రగ్గు. తలగడ కూడా కలిసి ఉన్న ఉన్ని కంబళి అది. దాన్ని మడిచి బిగించుకుని లోపల పడుకోవచ్చు. రష్యా సైన్యం 60,000 కంబళ్ళకు ఆర్డరు ఇచ్చింది. విప్పితే దుప్పటి, బిగిస్తే సంచి. మన వాతావరణానికి వెతుక్కోవలసింది ఈ గుణాన్నే.

చీటీ మీది అంకె

దుకాణంలో ముందు చూడవలసింది సంచికి కుట్టిన చీటీ. నాణ్యమైన కంపెనీలు దాని మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు వేస్తాయి. ఐరోపాలో మొదలై 2016 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న పరీక్షలో, వేడి పుట్టించే మనిషి బొమ్మను సంచిలో పడుకోబెట్టి కొలతలు తీస్తారు. మొదటి అంకె 'కంఫర్ట్': సగటు స్త్రీ చలి తెలియకుండా హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత. రెండోది 'లిమిట్': సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని నిద్రపోగల హద్దు. మూడోది 'ఎక్స్‌ట్రీమ్': నిద్ర సంగతి అటుంచి, కొన్ని గంటలు ప్రాణం నిలుపుకునే హద్దు. మనం చూడవలసింది మొదటి అంకె ఒక్కటే. పెద్ద అక్షరాలతో ఒకే అంకె వేసి, అది ఏ రకమో చెప్పకపోతే దాన్ని మూడో రకం అంకెగానే అనుకోండి.

మరి మనకు ఏ అంకె కావాలి? ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు పగలు 42, 43 డిగ్రీలు మామూలే. రాత్రి కూడా 25 కంటే బాగా దిగడం అరుదు. ఆ రెండు నెలల్లో స్లీపింగ్ బ్యాగు అవసరమే లేదు, నూలు దుప్పటి చాలు. ఫాల్గుణంలో, శ్రీరామనవమికి ముందు, తెల్లవారుజామున 20 దగ్గరికి వస్తుంది. అప్పుడు కంఫర్ట్ 20 డిగ్రీలు ఉన్న పల్చటి సంచి సరిపోతుంది. ముక్కోటి ఏకాదశి తెప్పోత్సవం రోజుల్లో, అంటే డిసెంబరు, జనవరిలో, 15 దాకా, కొన్ని రాత్రులు ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు కూడా అదే సంచిలో ఒక స్వెటరు, సాక్సు, లోపల ఒక నూలు గుడ్డ చాలు. పల్చటి సంచికి బట్టలు జోడించి వెచ్చగా చేసుకోవచ్చు. మందపు సంచిని పల్చగా చేసుకునే దారి లేదు.

జిప్పు పాదాల దాకా రావాలి

వేసవి సంచికి ఆకారం ముఖ్యం. భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ళ దగ్గర సన్నగా, తలకు టోపీతో ఉండే సంచులు చలి దేశాలవి. మనకు దీర్ఘచతురస్రంలా ఉన్నది కావాలి. జిప్పు పక్కంతా దిగి, పాదాల కింద కూడా తిరగాలి. అలాంటి దాన్ని పూర్తిగా విప్పితే బొంతలా పరుచుకుంటుంది. జిప్పుకు రెండు తలలు ఉంటే కింద తెరిచి కాళ్ళకు గాలి తగిలేలా, పైన మూసి పడుకోవచ్చు.

కొనేముందు దుకాణంలోనే జిప్పును నాలుగైదు సార్లు పైకీ కిందికీ లాగండి. పక్క గుడ్డ పళ్ళలో ఇరుక్కుంటే ఆ సంచి వద్దు. చవక సంచుల్లో ముందు పాడయ్యేది జిప్పే. సిగ్గుపడకుండా నేల మీద పరిచి, లోపల పడుకుని చూడండి. మీ ఎత్తు కంటే జానెడు పొడవు ఎక్కువ ఉండాలి. బరువు కిలోకు మించకపోతే మంచిది.

లోపల నింపేది పాలిస్టర్ పీచు అయితే చాలు. బాతు ఈకల సంచులు తేలిక, ఖరీదెక్కువ. కానీ తడిస్తే ఈకలు ముద్దలు కట్టి పని చేయవు. శీతాకాలపు రాత్రుల్లో గోదావరి ఇసుక మీద పడుకున్నవాళ్ళకు మంచు ఎంత కురుస్తుందో తెలుసు. ఎండిన ఇసుక పగలు కాలినంత త్వరగానే రాత్రి చల్లారుతుంది. తెల్లారేసరికి సంచి పైగుడ్డ తడిసి ఉంటుంది. పాలిస్టర్ అయితే పొద్దున గంటసేపు ఎండలో వేస్తే ఆరిపోతుంది.

రెండు వేల రూపాయల పడక

నా దగ్గర 2,000 రూపాయలే ఉంటే ఇప్పుడు ఇలా ఖర్చు పెడతాను. వెయ్యి రూపాయల లోపు పల్చటి సంచి. నాలుగైదు వందలు పెట్టి ఫోమ్ చాప. మిగిలిన దానితో మంచి దోమతెర. నేను మొదట చేసిన పొరపాటు సంచికే డబ్బంతా పెట్టడం. ఒంటి కింద నలిగిన పీచులో గాలి నిలవదు కాబట్టి ఎంత ఖరీదైన సంచైనా వీపుకు నేల చలిని ఆపలేదు. ఆ పని చాపది. కింద టార్పాలిన్ పట్టా, దాని మీద చాప, ఆ పైన సంచి. రాళ్ళు, వేళ్ళు వీపుకు తగలకుండా కాపాడేది కూడా చాపే.

నాలుగోది డబ్బు ఖర్చు లేనిది: పాత నూలు చీర. అయిదున్నర మీటర్ల చీరలో నాలుగున్నర మీటర్లు తీసుకుని, అడ్డంగా మధ్యకు మడిచి, ఒక పక్క మొత్తం, రెండో పక్క మోకాళ్ళ దాకా కుట్టండి. మీకంటే పొడవైన నూలు సంచి తయారవుతుంది. మిగిలిన మీటరు ముక్కతో తలగడ గలీబు కుట్టుకుని, రాత్రి అందులో మీ బట్టలు కుక్కుకోండి. ఏప్రిల్ రాత్రి ఈ నూలు సంచి ఒక్కటే చాలు. చలి రాత్రి దీన్ని స్లీపింగ్ బ్యాగు లోపల దోపుకుంటే చెమట, మురికి దీనికే అంటుతాయి. దీన్ని ఇంటికొచ్చి ఉతుక్కుంటే సరిపోతుంది, పెద్ద సంచిని మాటిమాటికీ ఉతకక్కర్లేదు. నేను కుట్టుకున్నది మా అమ్మ వాయిల్ చీరతో. ఎన్నో ఉతుకులు తిన్న గుడ్డ అంత మెత్తగా కొత్త గుడ్డ ఏదీ ఉండదు.

ఇంటికొచ్చాక సంచిని ఆ చిన్న కవరులోనే నొక్కి ఉంచకండి. నెలల తరబడి నలిగితే పీచు మళ్ళీ పొంగదు. వదులుగా పెద్ద దిండు గలీబులో వేసి అల్మారాలో పెట్టండి.

దోమ, కట్లపాము

దోమతెరను చివర చెప్తున్నా, ముందు కొనవలసింది అదే. భద్రాచలం ఏజెన్సీ మలేరియాకు కొత్త కాదు. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట. ఉక్కపోసి సంచి జిప్పు తీసిన నిమిషమే దానికి చాలు. రెండు చెట్ల మధ్య తాడు కట్టి తెర వేలాడదీసి, అంచులు చుట్టూ చాప కిందికి దోపాలి. అలా దోపిన తెర కట్లపామును కూడా ఆపుతుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలో కాటేస్తుంది. కాటు నొప్పి ఒక్కోసారి తెలియను కూడా తెలియదు. తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోతున్నా, మాట తడబడుతున్నా, కారణం తెలియని కడుపునొప్పి వచ్చినా మంత్రం కోసం, నాటువైద్యం కోసం ఆగకుండా పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సంచిని సాయంత్రమే పరిచి వదిలేయకండి. పడుకునే ముందు విప్పి, రెండు చేతులతో దులిపి, అప్పుడు వేసుకోండి. తేళ్ళకు, జెర్రులకు మడతలంటే ఇష్టం. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏటి ఒడ్డున, వాగు పక్కన పడుకోవద్దు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగిన నది ఇది. ఇక్కడ వర్షం లేకపోయినా ఎగువ నీళ్ళు రాత్రికి రాత్రి వస్తాయి. కిన్నెరసాని లాంటి అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఊరి అంచున, తోటలో, బడి ఆవరణలో, అక్కడివాళ్ళను అడిగి పడుకోండి. ఇప్పపూల కాలంలో ఇప్పచెట్టు కింద మాత్రం వద్దు. ఆ పూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి.

మొన్న ఫాల్గుణంలో మళ్ళీ అదే తోటకు వెళ్ళాం. ఈసారి పిల్లలు ఇంటి నుంచి పాత చీరలతో కుట్టిన సంచులు తెచ్చుకున్నారు. స్లీపింగ్ బ్యాగులు నాలుగే తెచ్చాం, పల్చటివి, జిప్పులన్నీ విప్పి దుప్పట్లలా కాళ్ళ దగ్గర మడిచి పెట్టాం. అర్ధరాత్రి ఎవరూ లేవలేదు. నాలుగున్నరకు నాకు మెలకువ వచ్చింది. తోట బయట దారి మీద ఇప్పపూలు ఏరడానికి బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. గాలి చల్లబడింది. తెరల్లోంచి చూస్తే చీకట్లో ఒక్కొక్క చెయ్యే కదులుతోంది, కాళ్ళ దగ్గరి దుప్పటిని భుజాల దాకా లాక్కుంటోంది. కళ్ళు మాత్రం ఎవరూ తెరవలేదు.